కుక్కకు ధమని నుండి నెత్తురు తీయునపుడు



ఆదిపర్వము చదివినవారికి సరమ కథ జ్ఞాపకముండును. జనమేజయుడు సత్రయాగము చేయుచుండగా కుక్కపిల్ల యొకటి ఆడుకొనుచు ఆ చోటికి వచ్చినది. రాజు తమ్ములు దానిని నిష్కారణముగా కొట్టిరి. పిల్ల యేడ్చుచు తల్లి కడకు పోయినది. అంతట దేవశునియగు సరమ స్వయముగా వచ్చి, నా బిడ్డ చేసిన తప్పేమని రాజును నిలువదీసినది. సభలో నోరెత్తలేని పిల్ల పక్షమున తల్లి మాటాడినది. నేటి నా ప్రసంగమునకు ఈ కథతో నొక సంబంధము కలదు. దానిని కడపట విన్నవింతును.

విషయమేమనగా, కుక్కకు గట్టి జబ్బు చేసినపుడు పశువైద్యుడు ఒకానొకప్పుడు దాని ధమని నుండి నెత్తురు తీసి పరీక్షింపవలసి వచ్చును. అట్లు తీసినచోట రక్తస్రావ మేల కలుగును, దాని నాపుటకు వైద్యుడు చేయునదేమి, కుక్కను తెచ్చిన గృహస్థుడు చేయవలసినదేమి, ఈ మూడు ప్రశ్నలకును సమాధానము చెప్పుటయే నా ఉద్దేశము. పల్లెటూరి కుక్కకు ఇంత వైద్యమా యని కొందరు నవ్వవచ్చును. రాత్రులు కళ్లము కాచి, మంద కాచి, దొడ్డి కాచి మనకు నిద్ర నిచ్చుచున్న ప్రాణి యది. దాని ఋణము కొంత తీర్చుకొనుట నవ్వవలసిన పని గాదు.

ముందుగా ధమని యన నేమో, సిర యన నేమో తెలిసికొందము. సుశ్రుతసంహితలో సిరలు ఏడు వందలనియు, ధమనులు ఇరువది నాలుగనియు లెక్క కలదు. కాని యచ్చటి ధమనీ శబ్దమునకును, నేటి వైద్యులు వాడు ధమనీ శబ్దమునకును అర్థము సరిగా నొకటి కాదు. నేటి అర్థమునకు మూలము ఇంగ్లండు వైద్యుడగు విలియం హార్వే 1628 లో ప్రకటించిన గ్రంథము. నెత్తురు గుండె నుండి బయలుదేరి ఒక తెగ నాళముల గుండ ఒడలంతయు వ్యాపించి, మఱియొక తెగ నాళముల గుండ తిరిగి గుండెకే చేరునని అతడు ఋజువు చేసెను. పోవు దారులు ధమనులు. వచ్చు దారులు సిరలు. చేతి మణికట్టుకడ మనము నాడి చూచునది ధమనినే. ముంజేతి పైని పచ్చగా, నీలముగా కనబడు గీతలు సిరలు.

ఈ రెంటికిని ముఖ్యభేదము ఒత్తిడిలో నున్నది. స్టీఫెన్ హేల్స్ అను ఆంగ్ల మతాచార్యుడు ఒక ఆడుగుఱ్ఱపు తొడ ధమనిలో గొట్టము నమర్చి, దానికి నిలువుగా గాజుగొట్టమును తగిలించి చూడగా, నెత్తురు ఎనిమిది అడుగులకు పైగా ఎగబ్రాకినదట. ఈ సంగతి అతడు 1733 లో ప్రకటించిన గ్రంథములో నున్నది. ఆరోగ్యముగ నున్న కుక్క ధమనిలో సగటు ఒత్తిడి పాదరసపు కొలతలో సుమారు 100 మిల్లీమీటర్లు. నీటి కొలతలో చెప్పవలెనన్న అది రమారమి నాలుగున్నర అడుగులు. సిరలో నుండునది సాధారణముగా అందు పదియవ వంతు కూడ గాదు. పంటబోదెకు చిన్న గండి పడినచో గుప్పెడు మట్టితో ఆగును. నిండుచెరువు తూముకడ అంతే గండి పడినచో ఆ మట్టి నిలుచునా? సిరకును ధమనికిని గల భేదమిట్టిది.

అట్లయినచో ముంగాలి సిర నుండియో, మెడ సిర నుండియో సులభముగా తీయక, ధమని జోలికి పోనేల యని మీ రడుగవచ్చును. చాల పరీక్షలకు సిరల నెత్తురే చాలును. కాని కుక్క ఊపిరాడక ఒగర్చుచున్నపుడు దాని ఊపిరితిత్తులు ప్రాణవాయువును నెత్తురునకు ఎంత అందించుచున్నవో వైద్యునికి తెలియవలెను. సిరలోని నెత్తురు ఒడలంతయు తిరిగి, తన ప్రాణవాయువును కండలకు పంచి యిచ్చి, ఖాళీబండి వలె మరలి వచ్చుచున్నది. దానిని చూచి ఊపిరితిత్తుల పని నిర్ణయింపరాదు. ఊపిరితిత్తుల నుండి వచ్చిన సరకు విప్పకముందే చూడవలెనన్న ధమనిలోనే చూడవలెను. మామూలు గాలి పీల్చుచున్న ఆరోగ్యవంతమగు కుక్క ధమనీరక్తమున ప్రాణవాయువు ఒత్తిడి 80 మిల్లీమీటర్లకు తగ్గరాదు. 60 కి దిగినచో ప్రాణసంకటము. బొగ్గుపులుసు వాయువెంతయో, నెత్తురులో పులుపెంతయో కూడ ఈ పరీక్షయే తెలుపును. అందుకు తగిన యంత్రము పెద్ద పశువైద్యశాలలలో నుండును.

నెత్తురు తీయుటకు ముఖ్యమైన చోట్లు రెండు. ఒకటి వెనుకకాలి పాదము మీది ధమని. రెండవది తొడ లోపలివైపు ధమని. వ్రేలితో నాడి తాకి చూచి, చోటు శుభ్రము చేసి, సన్నని సూదితో అతి కొద్దిగా నెత్తురు తీయుదురు. అది సిరంజిలో గడ్డకట్టకుండుటకు ముందే హెపారిన్ అను మందు పూయుదురు. ఈ మందు మొదట 1916 లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున కుక్క కాలేయమును పరిశోధించుచుండగనే బయలుపడినది. కుక్క వలన దొరకిన మందు కుక్కకే యుపయోగపడుట న్యాయముగనే యున్నది.

ఈ రెండు చోట్లలో పాదము మీది ధమని చిన్నది. దొరకుట కొంచెము కష్టము. కాని దాని క్రిందనే యెముక యున్నది. వ్రేలు పెట్టి నొక్కినచో ఎముకకును వ్రేలికిని నడుమ ధమని అణగిపోవును. నెత్తురు కారినను వెంటనే కనబడును. తొడ ధమని పెద్దది, సులభముగా దొరకును. కాని చుట్టును మెత్తని కండలు, వదులు చర్మము. అచ్చట నెత్తురు పైకి రాకయే లోలోపల పాకి, తొడ యంతయు నిండగలదు. కంటికి కనబడని కారుట కనబడు కారుటకంటె చెడ్డది. పది కిలోల బరువుగల కుక్క ఒడలిలో నెత్తురు మొత్తము ఇంచుమించు 850 మిల్లీలీటర్లు. అందు నాలుగవ వంతుకు మించి వేగముగా పోయినచో ప్రాణమునకు ముప్పు.

సూది తీసిన వెంటనే వైద్యుడు చేయు చికిత్స ఒక్కటే: నొక్కిపట్టుట. శుభ్రమైన దూదినో గుడ్డనో పెట్టి, గడియారము చూచుకొని, ఐదు నిమిషములకు తక్కువ గాకుండ నొక్కిపట్టవలెను. తొడకడ ఇంకను ఎక్కువసేపు పట్టవలెను. నిమిషమునకొకసారి ఎత్తి చూడరాదు, రుద్దరాదు. ఏలనన, ఒడలు తన గండిని తానే పూడ్చుకొనుటకు కొంత కాలము పట్టును. మొదట నాళము ముడుచుకొనును. పిమ్మట నెత్తురులోని ప్లేట్‌లెట్లు అను సూక్ష్మకణములు వచ్చి చిల్లునకు అడ్డుపడును. అటుపై నెత్తురులోని కొన్ని ద్రవ్యములు ఒకదాని వెంట నొకటి మేల్కొని సన్నని దారముల వల నల్లి, ఆ యడ్డును గట్టిపరచును. సుశ్రుతుడు నెత్తురు నాపుటకు సంధానము, స్కందనము, పాచనము, దహనము అని నాలుగు ఉపాయములు చెప్పినాడు. అందు స్కందన మనగా గడ్డకట్టించుట. వైద్యుని వ్రేలు గండి పూడ్చదు. స్కందనమునకు కావలసిన గడువు నిచ్చుచున్నది. అంతియే.

ఇచ్చటనే అసలు చిక్కున్నది. కుక్క నెత్తురునకు గడ్డకట్టు శక్తియే లేనపుడు, వ్రేలెంతసేపు నొక్కినను ఏమి లాభము? ఆ శక్తి యున్నదో లేదో కుక్క చెప్పలేదు. చూచుటకు కనబడదు. నేను దీనిని పుస్తకములలో చదివి నేర్చుకొనలేదు. నా తప్పు వలన నేర్చుకొంటిని. ఆ సంగతి దాచక చెప్పెదను.

మా యింట భైరవుడను నల్లకుక్క యుండెడిది. ఒకనాటి ఉదయమున అది అన్నము ముట్టక, మెడ చాచి ఒగర్చసాగినది. బండిలో వేసికొని పట్టణమునకు తీసికొనిపోతిని. అచ్చటి వైద్యుడు చదువుకొన్నవాడు, మర్యాదస్థుడు. "మాస్టరుగారూ, ఇది ఈ వారములో తినరాని దేమైన తిన్నదా? మందులేమైన పెట్టినారా?" అని అడిగెను. నేను కొంచెము అభిమానపడి, "మా యింటి కుక్క పెరుగన్నము తప్ప తినదండీ" అంటిని. అతడు నా మాట నమ్మెను. ఊపిరి సంగతి తెలిసికొనుటకై తొడ ధమని నుండి నెత్తురు తీసి, పద్ధతి ప్రకారము నొక్కిపట్టెను. చూచుటకు అంతయు సరిగనే యున్నది. ఒక గంట గడచునప్పటికి తొడ లోపలివైపు ఉబ్బి నల్లబడి, బొప్పాయికాయ యంత యయ్యెను. కుక్క చిగుళ్లు పాలిపోయినవి.

వైద్యుడు మరల పరుగున వచ్చి తొడను అదిమిపట్టి, అదే ప్రశ్న మరల నడిగెను. నేను నోరు తెరువకముందే మా పాలేరు, "అయ్యగారూ, నాలుగు రోజులనాడు గాదె కింద ఎలకల బిళ్లలు పెట్టాం గదండీ, రెండు కనపడలేదండీ" అనెను. ఆ బిళ్లలు పెట్టించినవాడను నేనే. కుక్క ఒగర్పునకు కారణము జ్వరము గాదు. ఆ విషము వలన దాని రొమ్ములో నెత్తురు చేరియుండెను. ఆ సంగతి మొదటనే చెప్పియున్నచో వైద్యుడు ధమనిని తాకియుండెడివాడు కాడు. ఈ తప్పు వైద్యునిది గాదు, నాది. ఒక పుణ్యాత్ముడు తన కుక్కను నెత్తురిచ్చుటకు తెచ్చెను. భైరవుడు బ్రదికెను గాని, నాలుగు వారములు మందు మింగి, చాలకాలము ఆ కాలు కుంటుచు తిరిగెను. అది కుంటుట చూచినపుడెల్ల నా మాట నాకు జ్ఞాపకము వచ్చుచుండెడిది.

ఒక కుక్క నెత్తురు మరియొక కుక్కకు ఎక్కించుట నేటి వింత గాదు. ఇంగ్లండులో రిచర్డ్ లోవర్ అను వైద్యుడు ఒక కుక్క ధమనిని ఇంకొక కుక్క మెడ సిరకు గొట్టముతో కలిపి ఈ పని చేసి చూపిన వృత్తాంతము 1666 లోనే అచ్చయినది.

ఎలుకల బిళ్లలలోని యీ విషము పుట్టుక కూడ పశువుల కథయే. 1920 ప్రాంతమున కెనడాలోను, అమెరికా ఉత్తర భాగములలోను పశువులు చిన్న గాయమునకే నెత్తురోడి చచ్చుచుండెను. బూజుపట్టిన స్వీట్ క్లోవర్ అను పచ్చిమేత యెండుగడ్డి తినుటయే కారణమని స్కోఫీల్డు అను పశువైద్యుడు కనిపెట్టెను. 1933 లో విస్కాన్సిన్ రాష్ట్రపు రైతొకడు చచ్చిన పెయ్యను, పాలబిందెలో గడ్డకట్టని నెత్తురును మంచుతుపానులో మోసికొనివచ్చి కార్ల్ లింక్ అను రసాయనశాస్త్రజ్ఞుని ముందర పెట్టెను. లింకును అతని శిష్యులును కొన్ని సంవత్సరములు శ్రమించి ఆ గడ్డిలోని విషమును వేరు చేసిరి. దాని వంశమునకు చెందిన వార్ఫరిన్ 1948 లో ఎలుకల మందుగా అంగడికి వచ్చినది. ఇప్పుడు మన పల్లెలలో అమ్ము బ్రోమడయోలోన్ దానికంటె బలమైనది. ఒడలిలో వారములకొలది నిలుచును.

ఈ విషము పనిచేయు విధము వినుడు. నెత్తురు గడ్డకట్టుటకు కావలసిన ద్రవ్యములలో కొన్నిటిని కాలేయము తయారుచేయుటకు విటమిన్ కె కావలెను. ఆ విటమిన్‌ను ఈ విషము పనికిరాకుండ చేయును. నిలువయున్న ద్రవ్యములు ఖర్చగువరకు కుక్క ఆరోగ్యముగనే తిరుగుచుండును. రెండు మొదలు ఐదు దినముల పిమ్మట నెత్తురు పాఱుట మొదలగును. అందుచేతనే తిన్న వస్తువును, వచ్చిన జబ్బును కలిపి చూచుట మనకు తోచదు. మొన్న తిన్నదానికి నేడు జబ్బేమని యనుకొందుము. సకాలమున తెలిసినచో వైద్యుడు విటమిన్ కె యిచ్చి చాల కుక్కలను బ్రదికింపగలడు. అది మనము అంగడిలో కొని మన యిష్టము వచ్చినట్లు పెట్టదగినది గాదు.

రెండవ శత్రువు గోమారి, అనగా కుక్కను పట్టు పిడుదు. గోధుమవన్నె పిడుదు కాటు వలన ఎర్లిషియా యను సూక్ష్మజీవి నెత్తురులో ప్రవేశించి ప్లేట్‌లెట్లను తగ్గించును. ఆరోగ్యవంతమగు కుక్క నెత్తురులో ఘనమిల్లీమీటరుకు ఇవి రెండు లక్షలు మొదలు ఐదు లక్షల దాక నుండును. యాబది వేలకు దిగినచో సూదిపోటే భయంకరము. ముప్పది వేలకు దిగినచో పోటు లేకయే ముక్కునుండి నెత్తురు పడవచ్చును. వియత్నాము యుద్ధమున, 1960 ల చివర, అమెరికా సైన్యపు కుక్కలు అనేకము ఈ జబ్బుతోనే ముక్కుల నుండి నెత్తురు కారి మరణించెను. గట్టి శిక్షణ పొందిన ఆ కుక్కలను శత్రువు గాక పిడుదు చంపినది.

మూడవది రక్తపింజరి కాటు. ఆ విషము నెత్తురులోని గడ్డకట్టు ద్రవ్యములను హరించును. కొద్ది నెత్తురును శుభ్రమైన పొడి గాజుగొట్టములో పోసి, కదపక ఇరువది నిమిషములు ఉంచి చూచినచో, గడ్డకట్టక నీళ్లవలె నున్న విషమెక్కినదని వైద్యుడు గ్రహించును. నాలుగవది పుట్టుకతో వచ్చు లోపము. డోబర్మన్ జాతి కుక్కలలో వాన్ విల్లెబ్రాండ్ జబ్బు తరచుగ కనబడును. అట్టి కుక్కకు పెదవి లోపలివైపు చిన్న గాటు పెట్టి, నెత్తురు నాలుగు నిమిషములలో ఆగునో లేదో చూతురు. ఐదవది మన చేతిమందు. మనుష్యుల నొప్పులకు వాడు ఆస్పిరిన్ వంటి బిళ్లలను కుక్కకు పెట్టినచో ప్లేట్‌లెట్లు పనిచేయవు. కాలేయము చెడిన కుక్కకును ఇట్టి భయమే కలదు.

ఇట్టి అనుమానము కలిగినపుడు తెలివిగల వైద్యుడు ముందుగా ప్లేట్‌లెట్లను, గడ్డకట్టు కాలమును పరీక్షించును. ధమనిని పొడువక, వ్రేలికి తగిలించు చిన్న యంత్రమువంటి దానిని కుక్క నాలుకకో పెదవికో పెట్టి ప్రాణవాయువును అంచనా వేయును. తప్పనిసరియైనచో తొడను విడిచి, పాదము మీదనే సన్నసూది వాడి, పది నిమిషములైనను నొక్కి కట్టు కట్టును. అయితే ఈ వివేకమంతయు ఆతనికి ఎప్పుడు కలుగును? మన మాట విన్నపుడు.

కావున వైద్యుని ముందర ఆతడడుగకపూర్వమే చెప్పవలసిన మాటలివి: ఇంటను గాని, పొలమున గాని, పొరుగువారి గాదెకడ గాని ఎలుకల మందు పెట్టినామా? ఒడలిపై పిడుదులున్నవా? ముక్కునుండి, మూత్రమున, పేడలో నెత్తురు కనబడినదా? పాము తిరుగు చోటికి పోయినదా? మనమే బిళ్ల పెట్టితిమి? మునుపు చిన్న దెబ్బకు నెత్తురు ఆగక కారినదా? చెప్పుటకు సిగ్గుపడవలదు. మందు డబ్బా దొరకినచో దానిని కూడ తీసికొనిపోవుడు.

నెత్తురు తీయునపుడు కుక్క తల మనము పట్టుకొని, పేరు పెట్టి పిలుచుచు, కదలకుండ చూడవలెను. అది పెనగులాడినచో సూది ధమనిని చీల్చవచ్చును. ఇంటికి వచ్చిన పిమ్మట ఆ దినమంతయు పరుగెత్తనీయక, ఆ చోట గంటగంటకు చూడవలెను. వాపు పెరిగినను, చిగుళ్లు తెల్లబడినను, కాలు చల్లబడి కుంటినను, కట్టు క్రింద వ్రేళ్లు ఉబ్బినను, వెంటనే మరల తీసికొనిపోవలెను. దారిలో శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టుడు. సున్నము, కాఫీపొడి, పసుపు అద్దవలదు. త్రాడుతో బిగించి కట్టవలదు. ఆ బిగింపు కాలికే హాని చేయును.

పెద్దలారా! ధమని నుండి కారు నెత్తురును ఆపునవి రెండు: వైద్యుని వ్రేలు, గృహస్థుని వాక్కు. వ్రేలు సూది తీసిన పిమ్మట పనిచేయును. వాక్కు సూది గ్రుచ్చకముందే పనిచేయును. సరమ తన బిడ్డ పక్షమున రాజసభలో మాటాడినది. మన వాకిట కట్టుబడియున్న కుక్కకు అట్టి తల్లి వెంటరాదు. వైద్యశాలలో దాని పక్షమున మాటాడవలసినది మనమే. ఆనాడు నేను మాటాడలేదు. మీరు మాటాడుదురు గాక.